తేమ సెన్సార్ ఎన్నాళ్లు నిజం చెబుతుంది?

విత్తనాల నిల్వ గదులు, పుట్టగొడుగుల షెడ్లు, గుడ్లు పొదిగే యంత్రాలు, పాత కాగితాలు దాచే అలమరాలు. ఇలాంటి చోట్ల తేమ కొలిచే పరికరాలను సరిచూసి పెట్టడం నా పని. కొత్తగా సెన్సార్ కొన్నవారు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది ఎన్నేళ్లు వస్తుంది?

పనిచేయడం గురించి అడుగుతున్నారా, నిజం చెప్పడం గురించా అని నేను తిరిగి అడుగుతాను. రెండూ ఒకటి కావు. బల్బు మాడిపోతే గది చీకటవుతుంది, వెంటనే కొత్తది తెచ్చుకుంటాం. తేమ సెన్సార్ పాడైతే అలాంటి సూచనేమీ ఉండదు. తెర మీద అంకె కనిపిస్తూనే ఉంటుంది. అది తేమ 62 శాతం అంటుంది, గదిలో నిజానికి 70 ఉంటుంది. విత్తనానికి బూజు పట్టాక గానీ తేడా బయటపడదు. అందుకే సెన్సార్ ఆయుష్షును నేను కొన్న తేదీ నుంచి లెక్కపెట్టను. చివరిసారి సరిచూసిన రోజు నుంచి మళ్లీ సరిచూడవలసిన రోజు వరకు దాని మాట నమ్ముతాను. ఆ గడువును ఎలా నిర్ణయించుకోవాలో, ఎలా పొడిగించుకోవాలో, ఎక్కడ ఆపేయాలో ఇక్కడ రాస్తున్నాను.

లోపల ఏముంది

ఇప్పుడు దొరికే ఎలక్ట్రానిక్ తేమ సెన్సార్లలో ఎక్కువ భాగం కెపాసిటివ్ రకం. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలుచని పాలిమర్ పొర ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి ఆ పొరలోకి చేరుతుంది, గాలి పొడిబారితే బయటికి వెళ్లిపోతుంది. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుదావేశం నిల్వకు పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే అంకె) గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 80. పాలిమర్‌ది మూడు, నాలుగు మాత్రమే. కాబట్టి పొరలో కొద్దిపాటి నీరు చేరినా కెపాసిటెన్స్, అంటే ఆవేశాన్ని నిల్వచేసే సామర్థ్యం, కొలవగలిగినంత మారుతుంది. ఆ మార్పునే చిప్ శాతంగా మార్చి చెబుతుంది. ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టుకోగల మొత్తం ఆవిరిలో ఇప్పుడు ఎంత ఉందో చెప్పేదే ఈ శాతం. అందుకే ఉష్ణోగ్రత మారితే ఇదీ మారుతుంది. పలుచని పాలిమర్ పొరతో ఇలాంటి సెన్సార్‌ను ఫిన్లాండ్ సంస్థ వైసలా 1973లో తెచ్చింది. మూలసూత్రం ఇప్పటికీ అదే.

రెండోది రెసిస్టివ్ రకం. దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు ఎలక్ట్రోడ్ల మీద లవణం గానీ, అయాన్లు కదలగల పాలిమర్ గానీ పూస్తారు. తేమ పెరిగితే నిరోధం తగ్గుతుంది. ఈ వంశానికి పెద్ద, అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఫ్రాన్సిస్ డన్మోర్ 1938లో ప్రకటించిన లిథియం క్లోరైడ్ సెన్సార్. ఈ రకం చవక, కానీ సున్నితం. నీటి బిందువులు పడితే పూతలోని లవణం కరిగి కొట్టుకుపోతుంది. ఏకముఖ విద్యుత్తు ఇస్తే అయాన్లన్నీ ఒకవైపు చేరిపోతాయి, అందుకే దీన్ని ఎప్పుడూ ఏకాంతర విద్యుత్తుతోనే నడపాలి. నీరు చెమర్చే చోట రెసిస్టివ్ సెన్సార్ పెట్టవద్దని ఎవరికైనా చెబుతాను. ఎండబెట్టే యంత్రాల్లాంటి బాగా వేడి చోట్ల ఉష్ణవాహకత ఆధారంగా పనిచేసే మూడో రకం వాడతారు. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను, మామూలు గదుల్లో దానితో పని పడదు.

ఆయుష్షు విషయంలో అసలు సంగతి ఇది. ఉష్ణోగ్రత సెన్సార్‌ను లోహపు గొట్టంలో పెట్టి మూసేయవచ్చు. మామూలు చిప్‌ను ప్లాస్టిక్‌లో పోతపోయవచ్చు. తేమ సెన్సార్‌ను మాత్రం మూయడానికి వీల్లేదు. దాని ముఖం గాలికి తెరిచే ఉండాలి. నీటి ఆవిరి వెళ్లే ఆ దారిలోనే అమ్మోనియా వెళుతుంది, రంగుల ఆవిరి వెళుతుంది, ఉప్పు దుమ్ము వెళుతుంది. ఈ పరికరానికి వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం ఆ చిన్న రంధ్రం గుండా వచ్చేవే.

డేటాషీట్‌ను ఎలా చదవాలి

తయారీదారు ఇచ్చే వివరాల పత్రమే డేటాషీట్. అందులో దీర్ఘకాలిక డ్రిఫ్ట్ అని ఒక వరుస ఉంటుంది. ఏడాదికి రీడింగు ఎంత పక్కకు జరగవచ్చో అది చెబుతుంది. మూడు సెన్సార్ మోడళ్లను చూద్దాం. డీహెచ్‌టీ22కు ఏడాదికి 0.5 శాతం అని రాస్తారు. బీఎంఈ280కీ 0.5. ఎస్‌హెచ్‌టీ31కు 0.25 లోపు. వీటికి తోడు మొదటి రోజు నుంచే ఉండే తేడా ఒకటి ఉంటుంది. ఎస్‌హెచ్‌టీ31కు అది ప్లస్ మైనస్ 2 శాతం, బీఎంఈ280కు 3 శాతం. ఇక్కడ శాతం అంటే తేమ శాతమే, చూపిన విలువలో శాతం కాదు.

లెక్క వేస్తే శుభ్రమైన గదిలో ఎస్‌హెచ్‌టీ31 ఎనిమిదేళ్ల తర్వాత కూడా 4 శాతం తేడా లోపలే ఉండాలి. మంచి సంగతే. అయితే ఆ వరుస కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. ఆ సంఖ్య మామూలు పరిస్థితులకే వర్తిస్తుంది: 5 నుంచి 60 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 నుంచి 80 శాతం తేమ, రసాయనాల ఆవిరి లేని గాలి. 80 శాతం దాటిన తేమలో 60 గంటలు ఉంటే రీడింగు 3 శాతం దాకా పైకి జరగవచ్చని, తిరిగి మామూలు గాలిలోకి వస్తే మెల్లగా తనంతట తానే సర్దుకుంటుందని అదే తయారీదారు చెబుతారు. అంటే పన్నెండేళ్లలో రావలసిన తేడా రెండున్నర రోజుల్లోనే రావచ్చన్నమాట.

పుట్టగొడుగుల షెడ్డులో తేమ 85కు పైన ఉంటుంది, వారాల తరబడి అక్కడే ఉంటుంది. సర్దుకోవడానికి ఆ సెన్సార్‌కు అవకాశమే దొరకదు. అలాంటి చోటికి డేటాషీట్‌లోని డ్రిఫ్ట్ అంకెతో పనిలేదు. పుస్తకాల అలమరాలో ఏళ్ల తరబడి చక్కగా నిలిచిన సెన్సార్ అక్కడ ఒక్క పంట కాలంలో నమ్మకం పోగొట్టుకుంటుంది. రెండూ ఒకే పెట్టెలోంచి తీసినవే అయినా సరే. అందుకే సెన్సార్ పేరు చెప్పి ఆయుష్షు అడిగితే నేను చెప్పలేను. పెట్టే చోటు కూడా చెప్పాలి.

దేనివల్ల పాడవుతాయి

నేను చూసిన చెడిపోయిన సెన్సార్లలో ఎక్కువ వాటికి కారణం నీరు కాదు, ఆవిరయ్యే రసాయనాలు. రంగు, వార్నిష్, జిగురు, సిలికాన్ సీలెంట్, తుడిచే స్పిరిట్, అసిటోన్ వంటివి. ఈ ఆవిరి పాలిమర్ పొరలోకి దూరి నీటి అణువులు ఉండవలసిన చోట కూర్చుంటుంది. కొన్ని మెల్లగా బయటికి పోతాయి, కొన్ని పోవు. రీడింగు ఏ వైపు జరుగుతుందన్నది రసాయనాన్ని బట్టి ఉంటుంది. అందుకే అందరికీ పనికొచ్చే దిద్దుబాటు అంకె అంటూ ఏదీ లేదు.

ఒక నిల్వ గదికి గోడల రంగు వేయించారు. సామాను మొత్తం బయటపెట్టారు, గోడల మీది సెన్సార్లను మాత్రం అలాగే ఉంచారు. రంగు చల్లకుండా వాటి మీద కాగితం కూడా చుట్టారు. చూసేవారికి అది జాగ్రత్తలాగే కనిపిస్తుంది, కానీ కాగితం ఆవిరిని ఆపదు. గది తెరిచాక ఆ సెన్సార్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా చెప్పడం మొదలుపెట్టాయి. రంగు పని ఉన్నా, నేల కడిగే పని ఉన్నా, పురుగుల మందు పొగ పెట్టే పని ఉన్నా ముందుగా సెన్సార్లను విప్పి వేరే గదిలో పెట్టండి. వాసన పూర్తిగా పోయాకే తిరిగి బిగించండి. దీనికి మించిన మరమ్మతు నాకు తెలియదు.

ఆ తర్వాత అమ్మోనియా. కోళ్ల షెడ్లలో, పశువుల కొట్టాల్లో ఇది తప్పదు. క్రిములను చంపడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి, బ్లీచింగ్ నుంచి వచ్చే క్లోరిన్ కూడా పొరను, ఎలక్ట్రోడ్లను తినేస్తాయి. గుడ్లు పొదిగే యంత్రాన్ని శుద్ధి చేసేటప్పుడు సెన్సార్ లోపలే ఉండిపోవడం తరచుగా చూస్తుంటాను. ప్లగ్ తీసి పక్కన పెట్టేలా తీగకు కనెక్టర్ ఉంటే ఆ ఒక్క చిన్న ఏర్పాటు దాని ఆయుష్షును ఎంతో పెంచుతుంది.

నీటి సంగతి కొంచెం వేరు. కెపాసిటివ్ పొర మీద శుద్ధమైన నీటి చుక్క పడితే అది ఆరాక సెన్సార్ చాలావరకు మామూలుగానే పనిచేస్తుంది. ఇబ్బంది పెట్టేది ఆ నీటిలో కరిగి ఉన్నది. పొగమంచు చిమ్మే యంత్రంలో ఉప్పునీళ్లు పోస్తే తుంపర ఆరిన చోట తెల్లటి పొర మిగులుతుంది. ఆ లవణం తేమను తానే పట్టుకుంటుంది కాబట్టి సెన్సార్ గది తేమను కాక దాని పక్కనున్న ఉప్పు తేమను చెబుతుంది. సెన్సార్ ముఖాన్ని కప్పే ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే అదీ ఇదే పని చేస్తుంది. రీడింగులో ఎగుడుదిగుళ్లు తగ్గి గీత మరీ నున్నగా సాగుతుంటే ముందుగా ఫిల్టర్‌ను అనుమానించండి.

ప్యాకింగ్ మాట కూడా చెప్పాలి. బుడగల ప్లాస్టిక్, జిగురు టేపు, కొన్ని రకాల స్పాంజి కూడా ఆవిరి వదులుతాయి. వాటిలో మూసి ఉంచిన సెన్సార్ వాడకముందే పాడవుతుంది.

పెట్టే చోటు, కప్పే ఫిల్టర్

తుంపర చిమ్మే చోటికి ఎదురుగా సెన్సార్ పెట్టకండి. రంధ్రం కిందికి చూసేలా బిగించండి, అప్పుడు చుక్క నిలవదు. తీగను సెన్సార్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి. తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గాలి కదిలే చోటు చూడండి, మూల వద్దు, తలుపు పక్కన వద్దు.

వేడి పుట్టించే భాగాలకు దూరంగా ఉంచడం చాలా ముఖ్యం. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ తేడా వస్తే 50 శాతం తేమ వద్ద రీడింగు సుమారు 3 శాతం మారుతుంది. 90 శాతం వద్ద అయితే అయిదు శాతానికి పైనే. వైఫై చిప్ మీదే సెన్సార్ అతికించిన చిన్న బోర్డుల్లో తేమ ఎప్పుడూ తక్కువగా కనిపించడానికి కారణం ఇదే. సెన్సార్ పాడైందని చాలామంది దాన్ని పారేస్తారు. అది చేసిన తప్పేమీ లేదు, వేడెక్కిన గాలిని నిజాయితీగా కొలిచింది, అంతే. వేలెడు తీగతో సెన్సార్‌ను బోర్డు నుంచి దూరం చేసి చూడండి. వెంటవెంటనే రీడింగు అడగడం కూడా సెన్సార్‌ను కొద్దిగా వేడి చేస్తుంది. గది తేమకు నిమిషానికి ఒక రీడింగు ధారాళంగా సరిపోతుంది.

ఫిల్టర్లలో నాకు నచ్చేది పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర. నీటి ఆవిరిని వదులుతుంది, నీటి చుక్కను, దుమ్మును ఆపుతుంది. అయితే వాయువులను ఆపదు. ఫిల్టర్ ఉంది కదా, అమ్మోనియా ఏం చేస్తుందిలే అనుకోవద్దు. లోహపు పొడిని అదిమి చేసిన గట్టి ఫిల్టర్ దెబ్బలకు ఓర్చుకుంటుంది, వేగంగా వీచే గాలికి తగినది. కానీ నీరు చెమర్చితే దాని రంధ్రాల్లో తడి చిక్కుకుని గంటల తరబడి 100 చూపిస్తుంది. తడి చోట నేను దాన్ని వాడను.

సొంతంగా బోర్డు తయారు చేసుకునేవారికి రెండు మాటలు. సోల్డరింగ్ తర్వాత బోర్డును స్పిరిట్‌తో కడగవద్దు. రక్షణ పూత వేసేటప్పుడు సెన్సార్ రంధ్రాన్ని వేడికి తట్టుకునే టేపుతో మూసి, పని కాగానే తీసేయండి. సోల్డరింగ్ వేడికి పొర ఎండిపోయి మొదట రీడింగు తక్కువగా వస్తుంది. అది చూసి వెంటనే దిద్దుబాటు అంకె రాసుకుంటే, పొర తిరిగి తేమ తాగాక ఆ దిద్దుబాటే తప్పవుతుంది. కొన్ని రోజులు మామూలు గాలిలో ఉంచి అప్పుడు చూడండి.

ఉప్పుతో సరిచూడటం

ఇంతవరకు చెప్పినదంతా ఆయుష్షు పెంచే జాగ్రత్త. ఎంత మిగిలిందో తెలుసుకునే దారి మాత్రం ఒక్కటే, తెలిసిన తేమలో పెట్టి చూడటం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. కొన్ని లవణాల సంతృప్త ద్రావణం (ఇక లవణం కరగనంత చిక్కటిది) పైన, మూసిన పాత్రలో, గాలి తేమ ఒక స్థిరమైన విలువ దగ్గర నిలుస్తుంది. ఆ విలువలను నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కు చెందిన గ్రీన్‌స్పాన్ 1977లో పట్టికగా ప్రచురించారు. 25 డిగ్రీల వద్ద సోడియం క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పు, 75.3 శాతం ఇస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్ 32.8. లిథియం క్లోరైడ్ 11.3. పొటాషియం సల్ఫేట్ 97.3. ఉప్పులో గొప్పతనం ఏమిటంటే ఉష్ణోగ్రత మారినా దాని విలువ దాదాపు మారదు. 20 డిగ్రీల వద్ద 75.5, 30 వద్ద 75.1.

గాలి చొరబడని మూత ఉన్న చిన్న గాజు సీసా తీసుకోండి. సీసా ఎంత చిన్నదైతే గాలి అంత త్వరగా స్థిరపడుతుంది. ఏమీ కలపని శుద్ధమైన ఉప్పు వేసి, స్వేదనజలం కొద్దికొద్దిగా పోస్తూ తడి ఇసుకలా చేయండి. చాలామంది ఇక్కడే నీళ్లు ఎక్కువ పోస్తారు. కరగని గింజలు పైన కనిపిస్తూ ఉండాలి. గింజలన్నీ కరిగిపోతే అది సంతృప్త ద్రావణం కాదు, విలువ 75 కన్నా ఎక్కువ వస్తుంది. సెన్సార్‌ను మూత నుంచి వేలాడదీయండి. అది ఉప్పును తాకకూడదు, సీసా గోడనూ తాకకూడదు. తీగ వెళ్లే సందును మైనంతో గానీ పుట్టీతో గానీ మూయండి. వాసన వచ్చే జిగురు మాత్రం వద్దు, కారణం పైనే చెప్పాను.

ఇక ఎండ పడని, ఏసీ గాలి తగలని చోట, మందపాటి గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేయండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఉప్పుకూ సెన్సార్‌కూ మధ్య ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 75 దగ్గర నాలుగున్నర శాతం తప్పు వస్తుంది. చేత్తో సీసాను పట్టుకుని రీడింగు చూడకండి. చేతి వేడి చాలు. రీడింగు గంటసేపు కదలకుండా నిలిచాక తేమ, ఉష్ణోగ్రత రెండూ రాసుకోండి.

ఒక్క ఉప్పుతో ఆపేస్తే సగమే తెలుస్తుంది. సెన్సార్ మొత్తం ఒకే పరిమాణంలో పైకి జరిగిందా, లేక దాని స్పందనే తగ్గిందా అన్నది రెండు విలువల దగ్గర చూస్తేనే తేలుతుంది. అందుకు నేను మెగ్నీషియం క్లోరైడ్, ఉప్పు వాడతాను. ముందు 33, తర్వాత 75. ఈ వరుస మార్చవద్దు, ఎందుకంటే బాగా తడిసి వచ్చిన పొర కొంతసేపు ఎక్కువే చూపిస్తుంది. ఉదాహరణకు 33 దగ్గర 35, 75 దగ్గర 77 వస్తే రెండు చోట్లా 2 ఎక్కువ. రీడింగు నుంచి 2 తీసేసుకుంటే సరిపోతుంది, సెన్సార్ ఆరోగ్యంగానే ఉంది. 33 దగ్గర 36, 75 దగ్గర 70 వచ్చిందనుకోండి, పొర తేమను సరిగా పీల్చడం లేదు, వదలడం లేదు. గణితంతో రెండు బిందువుల మధ్య గీత గీసి దిద్దవచ్చు, చాలామంది దిద్దుతారు కూడా. నేను దాన్ని మరమ్మతుకు పంపుతాను. అంతగా మారిన పొర వచ్చే నెల కూడా అక్కడే నిలుస్తుందన్న హామీ లేదు.

ఇంకో పరీక్ష ఉంది, అది తక్కువ మంది చేస్తారు. వేగం. ఫిల్టర్ లేని ఎస్‌హెచ్‌టీ31, తేమ ఒక్కసారిగా మారితే ఆ మార్పులో 63 శాతాన్ని సుమారు ఎనిమిది సెకన్లలో అందుకుంటుంది. ఫిల్టర్ ఉంటే ఇంకాస్త సమయం పడుతుంది. సెన్సార్ కొత్తగా ఉన్నప్పుడే ఉప్పు సీసాలోంచి తీసి గది గాలిలో పెట్టి, ఎంతసేపట్లో దిగివచ్చిందో రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడు సరిచూసినా దానితో పోల్చండి. రీడింగు సరిగ్గా ఉండి వేగం బాగా తగ్గిందంటే ఫిల్టరో పొరో మూసుకుపోతోందని అర్థం. నా అనుభవంలో చాలాసార్లు అంకె తప్పడానికి ముందే వేగం తగ్గుతుంది.

ఉప్పు సీసాలో సెన్సార్‌ను వారాల తరబడి వదిలేయకండి. ఉప్పు గాజు గోడ వెంట పైకి పాకుతుంది, చివరికి సెన్సార్ దాకా వస్తుంది.

తిరిగి కోలుకునేలా చేయడం

తేమ ఎక్కువైన చోట ఉండి గానీ, ఆవిరి పీల్చి గానీ రీడింగు పక్కకు జరిగితే కెపాసిటివ్ సెన్సార్‌కు ఒక వైద్యం ఉంది. ముందు వేడి చేసి పొరలో చిక్కుకున్నదాన్ని వెళ్లగొట్టడం, తర్వాత మళ్లీ తేమ తాగించడం. ఎస్‌హెచ్‌టీ2ఎక్స్ వంటి చిప్‌లకు తయారీదారు చెప్పే పద్ధతి ఇది: 100 నుంచి 105 డిగ్రీల వేడిలో, 5 శాతం లోపు తేమలో పది గంటలు, ఆ తర్వాత 20 నుంచి 30 డిగ్రీల వద్ద, 75 శాతం తేమలో పన్నెండు గంటలు. ఆ 75 కోసం మీ ఉప్పు సీసానే పనికొస్తుంది.

ఇది విడి చిప్‌కు చెప్పిన మాట. తెల్లటి ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే డీహెచ్‌టీ22 లాంటి వాటిని 100 డిగ్రీల్లో పెడితే పెట్టె వంగిపోతుంది. వాటికి 50 డిగ్రీల ప్రాంతంలో మెల్లని వేడి చాలు. ఏ సెన్సార్‌కైనా దాని పత్రంలో రాసిన ఉష్ణోగ్రతే పాటించండి. ఉష్ణోగ్రత కచ్చితంగా నిలిపే ఓవెన్ వాడండి. మైక్రోవేవ్ అసలే వద్దు. తీగ, కనెక్టర్, బ్యాటరీ ఉన్న బోర్డును మొత్తంగా వేడి చేయవద్దు.

వైద్యం తర్వాత తప్పకుండా మళ్లీ రెండు లవణాల పరీక్ష చేయాలి. లోపలికి దూరిన ద్రావకాలు వేడికి చాలావరకు పోతాయి. ఆమ్లాలు, క్లోరిన్, పెరాక్సైడ్ చేసిన నష్టం పోదు, ఎందుకంటే అవి పొరనే మార్చేస్తాయి. కోలుకున్నట్టు కనిపించి కొద్ది వారాల్లో మళ్లీ పక్కకు జరిగితే రెండోసారి వేడి చేసే శ్రమ పెట్టుకోకండి.

కొన్ని చిప్‌ల లోపల చిన్న హీటర్ ఉంటుంది. తడి చోట పెట్టేవారికి ఇలాంటిదే కొనమని చెబుతాను. అప్పుడప్పుడు కాసేపు వేస్తే పొర మీది చెమ్మ ఆరిపోతుంది, 100 దగ్గర ఇరుక్కుపోవడం తగ్గుతుంది. హీటర్ నడుస్తున్నప్పుడూ, ఆపిన తర్వాత చిప్ చల్లారేదాకానూ వచ్చే రీడింగులను లెక్కలోకి తీసుకోవద్దు. ఈ హీటర్‌తో దూరం నుంచే ఒక ఆరోగ్య పరీక్ష కూడా చేయవచ్చు. హీటర్ వేయగానే ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు పెరగాలి, తేమ శాతం దానికి తగ్గట్టు పడిపోవాలి. తేమ అంకె కదలకపోతే ఆ సెన్సార్ గదిని చూడటం మానేసిందని తెలుసుకోండి. పరిశ్రమల్లో వాడే కొన్ని పరికరాలు పొరను నూట అరవై డిగ్రీల పైకి తీసుకెళ్లి రసాయనాలను వాటంతట అవే వెళ్లగొట్టుకుంటాయి. రసాయనాల మధ్య పనిచేసే చోట ఆ సౌకర్యం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం న్యాయమే.

ఎప్పుడెప్పుడు చూడాలి, ఎప్పుడు మార్చాలి

శుభ్రమైన, పొడి గదిలో ఏడాదికి ఒకసారి సరిచూస్తే చాలు. 80 శాతం దాటే చోట మూడు నెలలకోసారి. అమ్మోనియా, క్లోరిన్ ఉన్న చోట మొదట నెలకోసారి చూడండి. వరుసగా కొన్నిసార్లు తేడా కనిపించకపోతే గడువు పెంచుకోవచ్చు, కనిపిస్తే సగానికి తగ్గించాలి. ఇది పుస్తకంలోని నియమం కాదు, నేను పాటించే పద్ధతి. దీని బలమంతా రాతలో ఉంది. ప్రతి సెన్సార్ వెనుక ఒక సంఖ్య అతికించి, తేదీ, రెండు లవణాల దగ్గర వచ్చిన రీడింగులు, ఉష్ణోగ్రత, వేగం, అప్పటికి అది ఉన్న చోటు ఒక నోటు పుస్తకంలో రాయండి. నాలుగైదు వరుసలు పోగయ్యాక ఆ చోటికి సంబంధించిన అసలు డ్రిఫ్ట్ మీ చేతిలో ఉంటుంది. డేటాషీట్‌లో ఎవరూ రాయలేనిది అదే.

మార్చే హద్దు మీ పనిని బట్టి పెట్టుకోండి. విత్తనాల గదిలో 5 శాతం తప్పును ఓర్చుకోగలిగితే 2.5 దగ్గరే దిద్దుబాటో వైద్యమో మొదలుపెట్టండి. వైద్యం తర్వాత కూడా రెండు లవణాల దగ్గర తేడాలు వేర్వేరుగా వస్తుంటే మార్చండి. వరుసగా రెండు తనిఖీల్లో ఒకే వైపు జరిగితే మూడోదాని కోసం ఆగకండి. ఎప్పుడు చూసినా 99.9 దగ్గరో, 1 దగ్గరో నిలిచిపోయిందంటే ఆలోచించే పనే లేదు. చవక సెన్సార్‌ను నెలనెలా సరిచూసే శ్రమకన్నా ప్రతి పంటకూ కొత్తది పెట్టడమే మేలనిపించే చోట్లు ఉన్నాయి, పుట్టగొడుగుల షెడ్డు అలాంటిదే. అప్పుడు కూడా కొత్తదాన్ని ఉప్పు మీద చూడకుండా బిగించవద్దు. కొత్తదంటే సరైనదని అర్థం కాదు.

మార్చేటప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయకుండా రెండింటినీ కొన్ని రోజులు పక్కపక్కనే నడపండి. లేకపోతే రికార్డులో ఒక రోజు హఠాత్తుగా మెట్టు కనిపిస్తుంది. అది గదిలో వచ్చిన మార్పో సెన్సార్ మారినందుకు వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. రెండు వేర్వేరు చోట్ల ఉన్న సెన్సార్లను పోల్చవలసి వస్తే తేమ శాతాలను కాక తుషార స్థానాలను (చల్లబరిస్తే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతలను) పోల్చండి. శాతం ఉష్ణోగ్రతతో పాటు ఊగుతుంది. ఒకే గదిలో గాలి బాగా కలుస్తుంటే తుషార స్థానం అన్ని మూలలా దాదాపు ఒకటే ఉంటుంది.

అదనంగా కొన్న సెన్సార్లను సిలికా జెల్ సంచితో కలిపి డబ్బాలో దాచడం అందరికీ అలవాటు. మిగతా ఎలక్ట్రానిక్ భాగాలకు అది మంచిదే, వీటికి కాదు. నెలల తరబడి అతి పొడి గాలిలో ఉన్న పొర ఎండిపోయి, బయటికి తీశాక కొన్నాళ్లు తక్కువ చూపిస్తుంది. 20 నుంచి 60 శాతం తేమలో, 10 నుంచి 50 డిగ్రీల లోపు, తయారీదారు ఇచ్చిన అసలు ప్యాకింగ్‌లోనే ఉంచండి. రంగు డబ్బాలు, జిగుర్లు, స్పిరిట్ సీసాలు ఉన్న అలమరాలో మాత్రం పెట్టకండి.

తీసేసిన సెన్సార్ తీగను కత్తిరించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాల పెట్టెలో వేయండి. అలా చేయకపోతే సొరుగులో పడి ఉన్న దాన్ని అత్యవసరమైన రోజున ఎవరో ఒకరు తీసి బిగిస్తారు, అది కూడా అంకె చూపిస్తుంది.